కాలరు మాసిన చొక్కా

మూడో తేదీ, సోమవారం

ఇది పోయినేడాది డైరీ. ఆఫీసులో మిగిలిపోతే ఆయన ఇంటికి తెచ్చారు. అచ్చేసిన వారాలు ఈ ఏటికి కలవవు, అందుకని వాటిని కొట్టేసి పైన రాసుకుంటున్నాను. నాకోసమే కదా, ఎలా ఉంటేనేం.

ఆయన దేశానికి పటం గీస్తున్నారు. ఇలా రాస్తే గొప్పగా ఉంది కానీ, మంచం పక్కన బల్ల వేసుకుని, పైజామాతో కూర్చుని, ఈగలు తోలుకుంటూ గీస్తున్నారు. ఆకాశం నుంచి తీసిన ఫొటోలు ఎవరైనా ఊరికే తీసుకోవచ్చట. పాత జనాభా లెక్కలూ అంతే, రోడ్ల గీతలూ అంతే. వాటిని ఒకదాని మీద ఒకటి పరిచి, దేశాన్ని చిన్న చిన్న గళ్లుగా కోసి, ఏ గడిలో పొలం, ఏ గడిలో నీళ్లు, ఏ గడిలో ఎంతమంది మనుషులు అని చెప్పాలి. ఈ ఇంటికొచ్చాక నేను నేర్చుకున్న మొదటి పని తెర మీద ఇంటి కప్పులు చూపించడం. ఇది కప్పు, ఇది కాదు అని చూపిస్తూ పోతే కంప్యూటరు నేర్చుకుంటుందట. నాకన్నా ఎక్కువే చదివింది ఇప్పటికి.

కానీ నిన్న బస్సు డిపోలో నిలబెట్టిన బస్సులన్నిటినీ ఇళ్లనుకుంది. బస్సుకి నలుగురి చొప్పున కాపురాలు పెట్టించింది.

"పోనీలేరా, కూర్చున్నచోటే ఊళ్లు తిరుగుతారు" అన్నారు అత్తయ్య.

మా ఇంటి కప్పుకి ఎంతమందో చూడమన్నారు ఆవిడే. రెండూ ముప్పావు మంది వచ్చారు. సగటు లెక్క అలాగే వస్తుందమ్మా అని ఆయన అన్నారు.

"నేను నిండు మనిషిని. ఆ తక్కువైన పావు ఎవరిదో మీరిద్దరూ తేల్చుకోండి" అని అత్తయ్య టీ గ్లాసు తీసుకుని వెళ్లిపోయారు.

నాదే అయి ఉంటుంది.

నాలుగో తేదీ, మంగళవారం

ఇల్లిల్లూ తిరిగి లెక్క సరిచూసే అమ్మాయి మానేసింది. వేరే ఉద్యోగం దొరికిందట. ఫొటోలో కప్పు కనిపిస్తుంది, కప్పు కింద ఎంతమందో కనిపించదు. అందుకని ఒక్కో రకం కప్పుకి కొన్ని ఇళ్లు ఎంచుకుని, వెళ్లి అడిగి, ఆ లెక్కనే దేశంలో అలాంటి కప్పులన్నిటికీ వేస్తారు. మేడలు అయిపోయాయి, పెంకుటిళ్లు అయిపోయాయి. రేకుల గదుల వరసలు మిగిలాయి. ఈ ఊళ్లో అవి నూలు మిల్లు వెనక ఉన్నాయి.

"నువ్వెళ్లు" అన్నారు ఆయన.

వంకాయలు తరుగుతున్నాను. వినపడనట్టు ఊరుకున్నాను.

"పగటిపూట మగాడు వెళ్తే తలుపు తీయరు. నీకైతే తీస్తారు. ఒక్క మాట అడగాలంతే. ఇంట్లో ఎంతమంది, అందులో మగాళ్లెందరు, ఆడాళ్లెందరు."

"అది ఒక్క మాటట్రా? ఈ పిల్ల పాలతనితో ఇప్పటికీ వేళ్లతోనే మాట్లాడుతుంది" అన్నారు అత్తయ్య.

నిజమే. బళ్లో కూడా అంతే. హాజరు పిలిచేటప్పుడు నా గొంతు లేచేది కాదు. ముందు బెంచీలోనే కూర్చున్నా, పలకలేదని పంతులమ్మ రానట్టు వేసేసేది. ఏడాది చివర నాన్నని పిలిపించి, మీ అమ్మాయి బడికే రావడం లేదని చెప్పారు. వెళ్లనిదానికి పుస్తకాలెందుకని నాన్న ఐదో తరగతితో మానిపించాడు. నేను రోజూ వెళ్లాను.

వెళ్తానని ఆయనకి తలూపాను. ఎందుకు ఊపానో తెలియదు.

ఐదో తేదీ, బుధవారం

గిన్నెలు తోముతూ ఆ మాట అనుకుంటున్నాను. మీ ఇంట్లో ఎంతమంది ఉంటారండీ. మీ ఇంట్లో ఎంతమంది.

"ఏమంటున్నాయమ్మా గిన్నెలు? లోపల ఎవరూ లేరంటున్నాయా?" అన్నారు వెనక నుంచి అత్తయ్య.

రేపు వెళ్తాను.

ఏడో తేదీ, శుక్రవారం

వెళ్లాను.

మిల్లు గోడ వెనక సందు. ఎదురెదురుగా రెండు వరసల రేకుల గదులు, మధ్యలో మురుగు కాలువ, చివర కుళాయి. ప్రతి గది ముందూ ఒక తీగ, దాని మీద బట్టలు. మొదటి తలుపు దగ్గర నిలబడ్డాను. చెయ్యెత్తాను. లోపల ఎవరో దగ్గారు. చెయ్యి దించేశాను. రెండో తలుపు దగ్గర అది కూడా లేదు, చెయ్యే లేవలేదు. కుళాయి దాకా వెళ్లి, నీళ్లు తాగి, తిరిగి వచ్చాను. మళ్లీ వెళ్లి మళ్లీ తాగాను.

అప్పుడు తీగ కేసి చూశాను. ఒక పెద్ద చొక్కా, రెండు నైటీలు, ఒక చిన్న నిక్కరు. గుమ్మంలో మగవాళ్ల బూట్లు. అంటే ఒక మగాడు, ఇద్దరు ఆడవాళ్లు, ఒక పిల్లాడు. ఎవరి బట్టలు వాళ్లే కదా వేసుకునేది. ఇందులో అడగడానికి ఏముంది?

ఆ గదికి నలుగురని రాశాను. చూసిందే రాశాను.

సోమవారం నుంచి తడతాను.

పదో తేదీ, సోమవారం

ఎడమ వరస అయిపోయింది. బట్టలు ఆరని గదుల దగ్గరికి సాయంత్రం మళ్లీ వెళ్లాను. ఊరికే పోనివ్వలేదు. ఒకచోట తీగ ఖాళీగా ఉంటే గుమ్మంలో చెప్పులు చూశాను. జాగ్రత్తగానే చేస్తున్నాను.

పదకొండో తేదీ, మంగళవారం

కుడి వరస కూడా. కాగితాలు ఆయనకిచ్చాను. ఒక్క తలుపైనా వదల్లేదే అని ఆశ్చర్యపోయారు.

"ఏం మాట్లాడారు వాళ్లు నీతో?"

"బాగానే."

"చూశావా అమ్మా, నీ కోడలు" అన్నారు అత్తయ్యతో. ఆవిడ నాకేసి చూసి, కళ్లద్దాలు తుడుచుకున్నారు.

చూసిందే రాశాను.

పన్నెండో తేదీ, బుధవారం

మధ్యాహ్నం ఆయన పిలిచి తెర చూపించారు. నా లెక్క లోపలికి వేశారట. ఇదివరకు లేత గులాబీ రంగులో ఉన్న ఊళ్ల అంచులన్నీ ఎర్రబడ్డాయి. సముద్రం పక్క ఊళ్లు, గనుల ఊళ్లు, రైలు పట్టాల వెంట సన్నటి గీతలు. పేరు కూడా పలకలేని ఊళ్లు. ఎక్కడ రేకుల వరస ఉంటే అక్కడ నేను చూసిన చొక్కాలు ఆరేసుకున్నాయి.

"ఇదంతా నీ చలవే" అన్నారు ఆయన. నా చెయ్యి పట్టుకుని తెర మీద పెట్టారు. వేడిగా ఉంది.

"దీన్ని ఎవరు చూస్తారు?"

"ఎవరైనా. దాచేదేముంది? జనం డేటాతో చేసింది, మళ్లీ జనానికే. ఎక్కడ కూర్చున్నవాడైనా ఏ గడి మీదైనా నొక్కితే చాలు, ఎంతమందో, మగా ఆడా ఎందరో వచ్చేస్తుంది. నెలాఖరుకి బయటపెడతాం."

కూర అడుగంటింది. వాసన నాకు తెలియలేదు. అత్తయ్య వచ్చి స్టవ్వు కట్టేశారు.

పదమూడో తేదీ, గురువారం

ఇవాళ మళ్లీ వెళ్లాను. పని లేదు, ఎవరూ పంపలేదు. కాళ్లు నిలవక వెళ్లాను.

కుడి వరసలో కిటికీ ఉన్న గది ముందు నీలం గళ్ల చొక్కా అదే చోట, అవే రెండు క్లిప్పులతో ఉంది. శుక్రవారం ఉంది, మంగళవారం రాసుకున్నప్పుడూ ఉంది, ఇవాళా ఉంది. దగ్గరికి వెళ్లాను. భుజాలు ఎండకి వెలిసి తెల్లబడ్డాయి. కాలరు మాత్రం కొట్లోంచి తెచ్చినట్టుంది. మా ఇంట్లో నేను ఎంత రుద్దినా పోనిది కాలరు మురికే.

"ఏమ్మా, కొట్టేద్దామని చూస్తున్నావా? కొలత నీకు పట్టదు."

కిటికీలో కుట్టు మిషను, దాని వెనక ఒకావిడ. నాకన్నా పదేళ్లు పెద్దదై ఉంటుంది. నోట్లో గుండుసూదులు పెట్టుకునే మాట్లాడుతోంది.

"వారం నుంచి చూస్తున్నా. వస్తావు, బట్టలు చూస్తావు, రాసుకుంటావు, నీళ్లు తాగుతావు, పోతావు. దొంగవైతే ఇంత నెమ్మదిగా ఉండవు. చాకలి కొట్టు పెడుతున్నావా?"

పారిపోదామనుకున్నాను. "లోపలికి రా పిల్లా, ఎండలో నిలబడకు" అంది. వెళ్లాను.

ఒక మంచం. ఒక కంచం, ఒక గ్లాసు. ఆ గ్లాసులో నాకు నీళ్లిచ్చి, తను చెంబుతో తాగింది.

"మీ ఇంట్లో ఎంతమంది ఉంటారండీ" అన్నాను. గిన్నెలతో అన్నట్టే వచ్చింది, లోగొంతుకతో.

"నువ్వేం రాశావు?"

"ఇద్దరు."

టైలరమ్మ పకపకా నవ్వింది. "ఆయన్ని కూడా రాశావా? మంచి మనిషిలే. సబ్బూ నీళ్లూ తప్ప ఏమీ అడగడు. కూరలో ఉప్పు లేదనడు." చొక్కా వైపు గడ్డంతో చూపించింది. "గుమ్మంలో బూట్లు చూశావా సరిగ్గా? మిల్లు చెత్తలో దొరికాయి. రెండూ ఎడమ కాలివే. ఎవరు చూడొచ్చారనుకున్నా. నువ్వూ చూడలేదుగా."

చూడలేదు. లెక్కపెట్టాను కానీ చూడలేదు.

పోయిన వానాకాలం ఎవడో తన గడియ కదిలించాడట. కేక వేస్తే ఆగాడు. మర్నాడు మళ్లీ వచ్చాడు. ఒంటరిదని తెలిసే వచ్చాడంది. చొక్కా వేలాడదీశాక రాలేదు. ఈ వరసలో సగం గదుల మగవాళ్లు పనికి ఎక్కడెక్కడికో పోయారు, కొందరికి మొదట్నించీ లేరు. టైలరమ్మే పాత చొక్కాలు బాగుచేసి ఇచ్చింది. "ఈ వీధి మగాళ్లందరూ నా చేతిలో తయారైనవాళ్లే" అంది.

నేను నవ్వలేకపోయాను. పటం సంగతి చెప్పాను. ఎంత చెప్పానో నాకే తెలియదు, ఎప్పుడూ అంత మాట్లాడి ఎరగను.

"అయితే ఇప్పుడు దిద్దుతావా? ఒకతే ఉంటుందని?"

"తప్పు లెక్క కదా. దేశమంతా పాకింది."

"ఎవరు చూస్తారు దాన్ని?"

"ఎవరైనా చూడొచ్చట."

మిషను ఆపింది. "ఆ ఎవరైనాలో వాడు కూడా ఉంటాడుగా."

పధ్నాలుగో తేదీ, శుక్రవారం

ఏమీ లేదు. పక్క దుప్పట్లు ఉతికాను. మాసినవి కావు, ఊరికే.

పదిహేనో తేదీ, శనివారం

"ఒక్కటి అర్థం కావడం లేదు" అన్నారు ఆయన అన్నం తింటూ. "పాత జనాభా లెక్కలో మిల్లు పేటలో ఆడవాళ్లే ఎక్కువ. నీ లెక్కలో మగాళ్లు ఎక్కడినుంచో ఊడిపడ్డారు. కొత్తగా పనికొచ్చారా?"

అవుననొచ్చు. చిన్న మాట. వేలు కూడా ఎత్తక్కర్లేదు, తలూపితే చాలు. ఆ గదులన్నీ చొక్కాల నీడలో హాయిగా ఉంటాయి, ఆయన హాయిగా ఉంటారు, నేనూ ఉంటాను.

"అవి చొక్కాలు" అన్నాను.

ఆయన ముద్ద ఆపారు. మొత్తం చెప్పాను. తలుపు తట్టకపోవడం, తీగలు, రెండు ఎడమ బూట్లు, గడియ కదిలించినవాడు. అత్తయ్య కూడా తినడం ఆపేశారు. ఆయన చెయ్యి కడుక్కుని లేచిపోయారు. కంచంలో సగం అలాగే ఉంది.

పదహారో తేదీ, ఆదివారం

మాట్లాడలేదు.

పదిహేడో తేదీ, సోమవారం

కూర బాగుందన్నారు. అత్తయ్యతో.

పద్దెనిమిదో తేదీ, మంగళవారం

"మళ్లీ వెళ్లి అడిగి రా. తలుపు తట్టి" అన్నారు. తెర మీంచి తల తిప్పలేదు.

"అడుగుతాను. కానీ ఆ లెక్క గడిగడికీ పెట్టకండి."

"నువ్వు తెచ్చిన అబద్ధాన్ని దేశమంతా పంచిపెట్టాను. ఇప్పుడు నిజం తెచ్చి దాచమంటావా?"

 తలుపు పట్టుకుని నిలబడ్డాను. మామూలుగా అయితే ఇక్కడితో వంటింట్లోకి వెళ్లిపోతాను.

"ఒకసారి ఆ వరస చూపించండి" అన్నాను.

చూపించారు. రెండు వరసలూ కలిపి మూడు గళ్లలో పడుతున్నాయి. అందులో టైలరమ్మ గది ఉన్న మూల గడిలో కప్పులు మరీ తక్కువ. పక్కన మిల్లు గోడ, ఖాళీ జాగా. అక్కడ మగవాళ్లు సున్నా అని పడితే ఏ తలుపో వెతుక్కోనక్కర్లేదు.

"ఇప్పుడు మన గడి చూపించండి."

"మనదెందుకు?"

"మీరు ఊరెళ్లినప్పుడు మన ఇంటి మీద నొక్కితే ఎంత చూపిస్తుంది?"

"అది ఏడాదికొకసారి మారే లెక్క, రోజూ మారదు..." అని ఆగిపోయారు.

గదిలోంచి అత్తయ్య గొంతు. "నన్ను మగాళ్లలో రాయరా. ఈ ఇంట్లో ఎవడైనా దొంగ వస్తే కర్ర పట్టేది నేనే."

ఆయన నవ్వలేదు. నేనూ నవ్వలేదు. కానీ చాలాసేపు ఆ మూల గడినే చూస్తూ కూర్చున్నారు.

పందొమ్మిదో తేదీ, బుధవారం

తలుపు తట్టాను. మొదటి గదిలో దగ్గేది ముసలాయన. బతికున్న మగాడు. ఆయన్ని చూస్తే నాకు ఎంత సంతోషం వేసిందో ఆయనకి తెలియదు.

రెండో గది. ఇద్దరు అక్కచెల్లెళ్లు, మిల్లులో రాత్రి పాళీ. నిద్రలోంచి లేచి వచ్చారు. "ఎందుకు మీకు మా లెక్క?" అంది పెద్దామె, తలుపు సగమే తీసి.

"మీ గది విడిగా కనపడదండీ. పేట మొత్తంలో కలిపేస్తారు. మగా ఆడా వేరుగా పెట్టరు."

"ఎవరన్నారు?"

"నేను చెప్తున్నాను."

ఆయన ఇంకా సరేననలేదు. అయినా ప్రతి గుమ్మంలోనూ అదే చెప్పాను. మూడో తలుపు దగ్గరకి వచ్చేసరికి నేనే నమ్మాను.

ఇరవయ్యో తేదీ, గురువారం

ఒకావిడ నా మొహం మీదే తలుపు వేసింది. ఒకావిడ కూర్చోబెట్టి, లేనివాళ్ల సంగతంతా చెప్పి, ఉన్నవాళ్ల లెక్క చెప్పడం మరిచిపోయింది. మళ్లీ తట్టాల్సి వచ్చింది. టైలరమ్మ కిటికీలోంచి చూస్తూ కూర్చుంది.

"గొంతుందే నీకు. ఎక్కడ దాచావిన్నాళ్లు?"

"మీ ఇంట్లో ఎంతమంది ఉంటారండీ?"

సూదిలోకి దారం ఎక్కించి, పళ్లతో తెంపి, అప్పుడు చెప్పింది. "ఒకతెను. రాసుకో. నీ మాట మీద చెప్తున్నా, పటం మీద కాదు."

ఇరవై ఒకటో తేదీ, శుక్రవారం

కాగితాలు బల్ల మీద పెట్టాను. ఏం మాటిచ్చానో కూడా చెప్పాను.

"నన్నడక్కుండానే?"

"అడిగితే మీరు కాదనేవారు."

ఆయన చొక్కా వేసుకుని బయటికి వెళ్లి, చాలాసేపటికి వచ్చారు. నేను రెండుసార్లు గుమ్మంలోకి వెళ్లి చూశాను. మూడోసారి అత్తయ్య "వస్తాడులే, కూర్చో" అన్నారు.

ఇరవై రెండో తేదీ, శనివారం

పిలవలేదు కానీ టీ ఇవ్వడానికి వెళ్తే తెర కనిపించింది. ఊళ్ల అంచుల ఎరుపు దిగిపోయింది, సముద్రం పక్కనా, గనుల దగ్గరా. నా చొక్కాలన్నీ తీసేశారు. మిల్లు పేట దగ్గర మాత్రం గళ్లే లేవు. పేట మొత్తం ఒకటే రంగు, మగా ఆడా కలిపి ఒకటే అంకె, అతుకు వేసినట్టు. దేశంలో రేకుల వరసలున్న ప్రతిచోటా అలాంటి అతుకే.

"బాగా లేదు కదూ?" అన్నారు.

"టైలరమ్మ అయితే ఇంకా నున్నగా వేసేది" అన్నాను.

అప్పుడు నవ్వారు. వారం తర్వాత.

ఇరవై నాలుగో తేదీ, సోమవారం

ఫోనులో ఆయన ఆఫీసు పెద్దసారు గొంతు వంటింట్లోకి కూడా వినిపించింది. గళ్లు చిన్నవిగా ఉండటమే మన గొప్ప, అంత పెద్ద మచ్చలు ఎవడు పెట్టమన్నాడు, విప్పి పంపు. ఆయన "విప్పనండీ" అన్నారు. కాసేపాగి మళ్లీ, "విప్పనండీ." మూడోసారి ఊరికే వింటూ నిలబడ్డారు. మెడ వెనక చెమట పట్టి కాలరు తడిసింది.

ఆఫీసుకొచ్చి ఎదుట కూర్చుని సంజాయిషీ చెప్పుకోమన్నారట. ఉద్యోగం సంగతి అక్కడే తేలుస్తారట.

"నా వల్లే" అన్నాను.

"చొక్కాలు నీవి. అతుకులు నావి" అన్నారు.

ఇరవై ఆరో తేదీ, బుధవారం

పొద్దున్నే బస్సెక్కారు. రెండు రోజులో, వారమో. అత్తయ్యని నిన్ననే ఆడపడుచు తీసుకెళ్లింది, పిల్లలకి జ్వరాలని. తలుపు గట్టిగా వేసుకోమని ఆవిడ నాలుగుసార్లు చెప్పారు. కర్ర ఎక్కడుందో చూపించారు.

ఇల్లు ఊడ్చాను. మళ్లీ ఊడ్చాను. బల్ల మీద కంప్యూటరు కట్టేసి ఉంది. ఇప్పుడు దాన్ని తెరిచి మా ఇంటి మీద నొక్కితే రెండూ ముప్పావు మంది అంటుంది. ఉన్నది ఒకతెను.

పదకొండింటికి గ్యాసు సిలిండరు తెచ్చాడు. ఎప్పుడూ వచ్చేవాడు కాదు, కొత్తవాడు. సిలిండరు దించి, గదుల్లోకి తొంగి చూసి, "సారు లేరా?" అన్నాడు.

"ఉన్నారు. పడుకున్నారు" అన్నాను. ఏ పంతులమ్మకైనా వినిపించేంత గట్టిగా అన్నాను.

వాడు వెళ్లాక గడియ వేసి, కొంచెంసేపు తలుపుకి ఆనుకుని నిలబడ్డాను. తర్వాత అలమరా తీశాను. ఉతికి మడతపెట్టిన చొక్కాలు నాలుగున్నాయి. అవి ముట్టుకోలేదు. కొక్కేనికి సోమవారం ఆయన విప్పిన చొక్కా వేలాడుతోంది, ఫోనులో మాట్లాడినప్పటిది. కాలరు మీద నల్లటి చార ఇంకా ఉంది. సబ్బు పెట్టలేదు. నీళ్లలో ఒక్కసారి ముంచి, పిండి, బయటికి తీసుకెళ్లాను.

తీగ మీద వేసి రెండు క్లిప్పులు పెట్టాను. వెనక్కి వచ్చి చూశాను. మళ్లీ వెళ్లి, కాలరు వీధి వైపుకి తిప్పాను.